కుట్లు విప్పే చేతులు

పట్టుగుడ్డ మీద వేసిన కుట్టు ఎప్పుడైనా విప్పి చూశారా? దారం వచ్చేస్తుంది గానీ సూది గుచ్చిన చిల్లులు పోవు. నూలుగుడ్డయితే ఓ ఉతుకు ఉతికితే చాలావరకు సర్దుకుంటుంది. పట్టు అలా కాదు. మా చెల్లెలి పెళ్ళికి నేను కుట్టిన జాకెట్టు చంక దగ్గర వంకర వచ్చిందని మూడుసార్లు విప్పాను. నాలుగోసారికి గుడ్డే పిగిలిపోయింది. ఆ మొదటి వంకర నాకు తప్ప ఇంకెవరికీ కనపడనేలేదు!

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటే, ఈమధ్య మా పెద్దమ్మాయిలో అదే గుణం చూశాను. తను కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తోంది. వారంలో రెండు రోజులు ఇంట్లోనే పని. ఓ రాత్రి రెండింటికి మంచినీళ్ళకని లేస్తే దాని గదిలో లైటు వెలుగుతోంది. "ఏమ్మా, అంత అర్జెంటా?" అన్నాను.

"కాదమ్మా, ఏడాదిన్నర కిందట రాసిన కోడ్ చూశాను. ఇంత అధ్వాన్నంగా రాశానా అని సిగ్గేసింది. మొత్తం తిరగరాస్తున్నా."

"పనిచెయ్యటం లేదా?"

"చేస్తోంది. అందంగా లేదు."

ఆ కోడ్ దుకాణాల్లో బిల్లు లెక్క కట్టేది. అందులో నాలుగు లైన్లు అనవసరమనిపించి తీసేసింది. తీరా చూస్తే అవి కొన్న సరుకు వాపసు ఇచ్చినప్పుడు పైసల లెక్క సరిచూడటానికి ఒకప్పుడు తనే పెట్టినవి! ఎందుకు పెట్టిందో పక్కన రాసుకోలేదు, మర్చిపోయింది. బిల్లుల్లో తేడాలొచ్చాయి, మళ్ళీ పాత కోడే పెట్టారు. ఆఫీసులో మాట పడి వచ్చి, కంచం ముందు కూర్చుని ఏడ్చింది. ఊరుకోమ్మా అంటుంటే, "చిన్నప్పుడు ఒక్క కొట్టివేత ఉన్నా పేజీ చింపి మళ్ళీ రాయించేదానివి కదమ్మా" అంది.

నాకు నోట మాట రాలేదు. దస్తూరి బాగుండాలనే రాయించాను, నిజం. కానీ రాయించాను కదా.

తర్వాత తనే డొనాల్డ్ క్నూత్ గారి సంగతి చెప్పింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్రాంత ప్రొఫెసరు. 1977లో తన పుస్తకం ప్రూఫుల్లో అచ్చు నచ్చక, పుస్తకాల పేజీలు కూర్చే 'టెక్' అనే ప్రోగ్రాము సొంతంగా రాయడానికి పూనుకున్నారట. ఏడాదిలో తేలిపోతుందనుకున్న పని పదేళ్ళు దాటింది. మధ్యలో 1982 నాటికి మొత్తం కొత్తగా తిరగరాశారు కూడా. ఈ జబ్బులో మా అమ్మాయికి తాతగారే అనుకున్నాను! అయితే 1990 ప్రాంతంలో ఆయన ఇక కొత్త హంగులేవీ చేర్చనని, తప్పులు బయటపడితే దిద్దడం వరకేనని తేల్చేశారు. తన తదనంతరం మిగిలిన తప్పుల్ని కూడా ఎవరూ ముట్టుకోవద్దన్నారు. అచ్చు నచ్చక పదేళ్ళు కూర్చున్న మనిషి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో, విప్పి కుట్టే అలవాటున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు మా అమ్మాయి మార్చాలనిపించినవన్నీ ఓ నోట్‌బుక్కులో రాసి వారం దాకా ముట్టుకోవటం లేదు. ముట్టుకునే ముందు పాత బిల్లులు కొన్ని దగ్గర పెట్టుకుని, కొత్త కోడ్ కూడా అవే మొత్తాలు చూపిస్తోందా అని సరిచూస్తుంది. వాపసు బిల్లులు అన్నిటికంటే ముందు!

మొన్న బల్ల తుడుస్తూ ఆ నోట్‌బుక్కు చూశాను. పద్నాలుగు రాసుకుంది. అక్కర్లేదనుకుని ఆరు తనే కొట్టేసింది. పేజీ మాత్రం చింపలేదు.