రోడ్డు రైళ్లు – భారమెవరిది?

ఆస్ట్రేలియా ఖండపు నడిబొడ్డున ఒకే లారీ మూడు ట్రెయిలర్లను లాగుచు సాగిపోవుచుండును. దాని పొడవు 53.5 మీటర్ల వరకు ఉండవచ్చును. నిండు బరువు 100 టన్నులు దాటును. అచటివారు దీనిని 'రోడ్ ట్రెయిన్' అందురు. విన్నవారెల్లరు దాని పరిమాణమునకు అబ్బురపడుదురు. మేము మెచ్చునది పరిమాణమును గాదు, దానిని అదుపులో నుంచు కట్టుబాటును.

ఈ వాహనము గొప్ప కొఱకు పుట్టినది కాదు. అవసరము దీనిని పుట్టించినది. దక్షిణమునుండి వచ్చిన రైలుమార్గము 1929లో ఆలిస్ స్ప్రింగ్స్ చేరి అచటనే ఆగిపోయినది. సుమారు 1,500 కిలోమీటర్ల దూరమున నున్న డార్విన్‌ను అది చేరుటకు 2004 వరకు పట్టినది. లారీలకు పూర్వము ఆ ఎడారులలో సరుకు మోసినవి ఒంటెలు. 1860 మొదలుకొని వాటిని నడపినవారు ఆఫ్ఘనిస్థానమునుండియు, నాటి హిందూదేశపు వాయవ్య ప్రాంతములనుండియు వెళ్లినవారు. వారిలో పెక్కురు ముస్లిములు. 'ఘాన్' అను రైలుపేరు వారి స్మృతియే. 1934లో బ్రిటన్ నుండి తెచ్చిన ఒక రోడ్డు రైలును అచట పరీక్షించిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆలిస్ స్ప్రింగ్స్ వాసి కర్ట్ యోహాన్‌సెన్, సైన్యము వదలిన లారీకి ట్రెయిలర్లు తగిలించి పశువులను రవాణా చేసెను. ముందు బండి చక్రముల జాడనే వెనుకబండి అనుసరించునట్లు ఆయన వాటిని రూపొందించెను.

ఇతర దేశముల మాట యేమి? అమెరికా జాతీయ రహదారులపై సాధారణ పరిమితి సుమారు 36 టన్నులు; బహుళ ట్రెయిలర్ల విస్తరణను 1991 చట్టము నిలిపివేసినది. ఐరోపాలో సాధారణముగా 40 టన్నులు, 18.75 మీటర్లు. జనము పలుచగా నున్న ఫిన్లాండు మాత్రము 2013లో 76 టన్నులను, 2019లో 34.5 మీటర్లను అనుమతించినది. మన దేశమును 2020లో రోడ్డు రైలుకు 25.25 మీటర్ల పరిమితిని నిర్ణయించినది. ఏ దేశమైనను తన దారిని చూచుకొని బండి పొడవును నిర్ణయించుకొనవలెను గదా!

బండి పెద్దదైనకొలది టన్నుకగు ఖర్చు తగ్గును, కావున అంతటను అట్టివియే నడుపవలెనని కొందరు వాదింతురు. ఖర్చు తగ్గుట నిజమే. కాని అంత బరువు ఆగుటకు ఎంతో దూరము పట్టును. దానిని దాటిపోవువానికి ఎదుట సుదీర్ఘమైన ఖాళీబాట కావలెను. అందుచేతనే ఆస్ట్రేలియాలో సైతము ఇవి నిర్ణీత మార్గములనే నడచును. పెద్ద నగరములలోనికి పోవలసినచో పొలిమేరలలో ట్రెయిలర్లను విడదీయుదురు.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. పశ్చిమ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీలు తమ తమ చట్టములను అనుసరించుచున్నవి. తక్కిన రాష్ట్రములలో 2014 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము, అధిక భారమునకు గాని డ్రైవరు అలసటకు గాని అతడొక్కడే బాధ్యుడు కాడు. సరుకు పంపినవాడు, ఎత్తించినవాడు, వేళలు నిర్ణయించినవాడు, అందుకొనువాడు – అందరును తమ పాలు బాధ్యత వహింపవలెను. 2018లో ఈ బాధ్యతను మరింత బిగించిరి.

మన దేశమున 2019 సవరణతో అధిక భారమునకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా విధించిరి. బండి నడపినవానినే గాక నడిపించినవానిని సైతము మన చట్టము పేర్కొనుచున్నది. అయినను ప్రమాదము జరిగిననాడు మన వేలు మొదట చూపునది డ్రైవరునే. రాత్రికి రాత్రి సరుకు చేరవలెనని పట్టుబట్టిన వర్తకుని పేరు ఎవ్వరును అడుగరు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు వర్తకులగుదురు, కొందరు ఇంజనీర్లగుదురు, కొందరు అధికారులగుదురు. ఆస్ట్రేలియానుండి పొడవైన బండిని తెచ్చుటకు ముందు ఆ పంపకపు బాధ్యతను తెచ్చుకొనుట మేలని మా అభిప్రాయము. అందులకు వెడల్పాటి రహదారి అక్కరలేదు.