చరిత్రకు మొలిచిన కొమ్ములు

గతాన్ని ప్రదర్శించి జీవనోపాధి పొందే హక్కు ఒక ప్రాంతానికి ఉన్నదా? ఉన్నదనే మేము భావిస్తున్నాము. అయితే ఆ ప్రదర్శనలో సత్యానికి ఎంత చోటు మిగులుతున్నది? ఉత్తర ఐరోపాలో వైకింగుల పేరిట సాగుతున్న పర్యాటక వ్యాపారాన్ని చూచినప్పుడు ఈ ప్రశ్న తప్పదు.

వైకింగు అనగానే లోకానికి స్ఫురించేది కొమ్ముల శిరస్త్రాణం. ఆ యుగానికి చెందిన అటువంటి శిరస్త్రాణం ఒక్కటైనా త్రవ్వకాలలో లభించలేదు. 1943లో నార్వేలో బయల్పడిన ప్రసిద్ధ శిరస్త్రాణానికి కొమ్ములు లేవు. 1876లో ప్రదర్శితమైన వాగ్నర్ సంగీత నాటకాల వేషధారణ వలననే ఈ కల్పన విశేష ప్రచారం పొందింది. అయినా అంగళ్లలో అమ్ముడుపోయేది కొమ్ములున్నదే!

అంతమాత్రాన వ్యాపారమంతా అసత్యమనడం న్యాయం కాదు. ఇంగ్లండులోని యార్కు నగరంలో 1976 నుండి 1981 వరకు త్రవ్వకాలు జరిపిన పురావస్తు సంస్థయే, 1984లో అదే స్థలంలో యోర్విక్ కేంద్రాన్ని తెరిచింది. ఆనాటి ఇళ్లను, వీధులను, చివరకు వాసనలను సైతం అక్కడ పునఃసృష్టించారు. అది కృత్రిమమే, కాని దాని పునాది మట్టిలో దొరికిన ఆధారం. అట్లే డెన్మార్కులోని రోస్కిల్డె వద్ద 1962లో సముద్రగర్భం నుండి వెలికితీసిన ఓడలలో ఒకటి డబ్లిన్ పరిసరాల కలపతో నిర్మితమైనదని తేలింది. దాని ప్రతిరూపాన్ని నిర్మించి 2007లో డబ్లిన్ వరకు నడిపారు. ప్రతిరూపాన్ని ప్రతిరూపమని చెప్పినప్పుడు మోసం లేదు. పైగా విజ్ఞానం పెరుగుతుంది.

మా ఆక్షేపణ వేరు. కల్పనను చేర్చడం కంటె సత్యాన్ని దాచడం పెద్ద దోషం. వైకింగుల డబ్లిన్ బానిసల విక్రయానికి పేరుమోసిన రేవు. బాగ్దాదు నుండి రాయబారంపై వెళ్లిన ఇబ్న్ ఫద్లాన్, 922లో వోల్గా తీరాన రూస్ వర్తకులను చూచాడు. వీరు స్కాండినేవియా మూలాలు గలవారని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. వారు అమ్మకానికి తెచ్చిన బానిస బాలికలను గూర్చి, యజమాని అంత్యక్రియలలో బలియైన ఒక బాలికను గూర్చి ఆయన వ్రాసి ఉంచాడు. బొమ్మ ఖడ్గం కొనుక్కొని మురిసే బాలునికి ఆ బాలిక కథ ఎవరు చెబుతారు?

ప్రవేశ రుసుము తీసుకోవచ్చు, వినోదమూ ఉండవచ్చు. కాని లభించినదేదో, ఊహించినదేదో స్పష్టంగా వ్రాయాలి. శౌర్యంతోపాటు క్రౌర్యాన్నీ చూపాలి. కొనేవాడు లేనిదే అమ్మేవాడు లేడు. కనుక చూడబోయే మనమూ బాధ్యులమే. ‘దీనికి ఆధారమేమి?’ అని అడగడం విద్యార్థి ధర్మమని మా దృఢ విశ్వాసం.