పందెకాని మనస్సు

మోటారు పందెములలో నొక చోదకుడు వెనుకబడియు రంగమును విడువనిచో, జనులు వాని మనస్సును గూర్చి పలువిధముల నూహింతురు. కీర్తికాంక్ష యని కొందరు, కలిగినవారి వేడుక యని కొందరు, ఇక విరమించుట మేలని మరికొందరు. కోయంబత్తూరు వాడగు నరైన్ కార్తికేయన్ విషయమున నిట్టి మాటలెన్నియో వినబడినవి. న్యాయవాదులము మనుష్యుని యుద్దేశమును నడవడినుండి నిర్ణయింతుము. ఆ కొలతనే యిచ్చటను బెట్టి చూతము.

2005 లో జోర్డన్ జట్టు కారు నెక్కి యతడు ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యెను. ఆ యేట జూన్ 19 న అమెరికాలోని ఇండియానాపొలిస్ నందు నాల్గవవాడై 5 పాయింట్లు గడించెను. మిషెలిన్ టైర్ల జట్లు భద్రత చాలదని తప్పుకొనగా నాడు పరుగిడినవి ఆరు కార్లే. ఎత్తిపొడుచువారు ఈ సంగతిని మరువరు. ఆ రంగమున నతని సంపాదన యంతయు ఆ 5 పాయింట్లే. 2011 లో హెచ్.ఆర్.టి. జట్టు సంవత్సరము నడుమ నతనిని దింపి, రెడ్ బుల్ కంపెనీ పోషణ గల డేనియల్ రికియార్డోను గూర్చుండబెట్టెను. అక్టోబరు 30 న గ్రేటర్ నోయిడాలో మన దేశపు తొలి పందెము జరుగగా మరల పిలిచి కారిచ్చిరి. 17 వ స్థానము దక్కెను. మందపు కారునిచ్చి చోదకుని పట్టుదలను శంకించుట, విరిగిన మగ్గమునిచ్చి నేతగానిని నిందించుట వంటిది.

2012 తో నా ద్వారము మూసికొనెను. కీర్తియే కావలసినచో నప్పుడే యింటికి రావలసినది. అతడు జపానుకు బోయెను. మన పత్రికలు అంతగా పట్టించుకొనని సూపర్ ఫార్ములా పందెములలో 2014 నుండి 2018 వరకు కారు నడిపెను. 2019 లో సూపర్ జి.టి. కి మారి, నవంబరు 24 న ఫ్యుజి నందు జపాను, జర్మను పందెపు కార్లు కలిసి పరుగిడిన నాడు హోండా కారుతో గెలిచెను. అప్పటి కతనికి నలువది రెండేండ్లు నిండినవి. స్వదేశపు చప్పట్లు వినరాని చోట నంతకాల మోపిక పట్టినవాడు కీర్తికై పరుగిడెననుట సాక్ష్యమునకు విరుద్ధము.

ఇక మన యూరి మాట. 2023 ఫిబ్రవరి 11 న హుస్సేన్ సాగరపు టొడ్డున, సుమారు 2.8 కిలోమీటర్ల బాటపై, విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పందెము జరిగెను. ఫ్రాన్సు వాడగు వెర్న్ గెలిచెను. పాల్గొన్న చోదకులలో భారతీయుడొక్కడును లేడు! మహీంద్రా మన జట్టే. దాని కార్లు నడిపినవారిలో నొకడు బ్రెజిలు వాడు, ఒకడు ఇంగ్లండు వాడు. బొంబాయి యువకుడు జెహాన్ దారువాలా ఆ జట్టున రిజర్వు చోదకుడు మాత్రమే. 2024 లో మసెరాటి జట్టు అతనికి స్థానమిచ్చెను. అదియు నొక్క సంవత్సరమే. అనుభవజ్ఞులు కావలెనని జట్లు చెప్పును, నిజమే. కారే యీయనిచో అనుభవ మెట్లు వచ్చును? ఇట్టివాని యుత్సాహము చల్లబడెనా, భవిష్యత్తున్నదా యని తర్కించువారు ముందీ ప్రశ్నకు బదులు చెప్పవలెను.

2024 ఫిబ్రవరి 10 న జరుగవలసిన రెండవ పందెము జనవరిలోనే రద్దయ్యెను. దానికై చెల్లించిన ధనమును గూర్చి కేసు నమోదైనది. దాని మంచిచెడ్డలు న్యాయస్థానము తేల్చవలసినవి, వకీలు నోరు జారరాదు. మేము కోరునది చిన్నది. ఒక్కనాటి సంబరమునకు బాట నమర్చిన నగరము, సామాన్యుల బిడ్డలు తక్కువ రుసుముతో ఏడాది పొడుగునను కార్టు నడుపుకొను బాట నొకదానిని నిర్మింపవలెను. మహీంద్రా వంటి జట్టు ఏటేట నొక భారతీయుని రిజర్వు బల్లపైనుండి లేపి పందెమునకు బంపవలెను.