శవపేటికలో సరుకు

భయానక రసం మనకు కొత్త కాదు. చేలో నిలబెట్టే దిష్టిబొమ్మ కూడా భయంకరమైనదే. కాని రైతు దాన్ని పంట కాపాడుకోవడానికి కట్టాడు. పంట ఇల్లు చేరాక దానితో పని లేదు. 1998లో అమెరికాలో పుట్టిన ‘లివింగ్ డెడ్ డాల్స్’ సంగతి వేరు. ఇవి పిల్లల కోసం కాదు, పెద్దల సేకరణ కోసం. ఒక్కొక్క బొమ్మకు ఒక శవపేటిక, ఒక మరణపత్రం! పెట్టె విప్పితే ధర పడిపోతుందని విప్పకుండానే దాచుకునేవారున్నారు. చావు సరుకైంది, భయం అలంకారమైంది.

ఎవరి వేడుక వారిది కదా అంటారు మిత్రులు. వేడుకను నేను కాదనను. భయానికి మూలం మరుగుపరచడాన్నే కాదంటాను. బొర్రా గిరిజనుల కాళ్లకింది నేలను అడిగినది దయ్యం కాదు, కాల్సైట్ గనుల లీజు. ప్లాస్టిక్ సామానులో కలిపే రాతిపొడి అలాంటి గనులదే. బొర్రా చుట్టుపట్ల 14 గ్రామాల తగాదా సుప్రీంకోర్టుకెక్కి, 1997లో సమతా తీర్పు వచ్చింది: షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదు.

ఆ తీర్పును నిలుపుకోవడం మన పని. భయానక కథ రాయదలచిన యువ రచయిత ముందుగా ఆ లీజు కాగితం చదవాలి.