వర్తకుల సభామందిరము – కళాశాల

స్పెయిను దేశమునకు చెందిన పాల్మా నగరపు రేవున, 15వ శతాబ్దిలో గిల్యెమ్ సగ్రేరా అను శిల్పి వర్తకులకై చేపట్టిన సభాభవనము నేడు కళాప్రదర్శనశాలయైనది. బేరసారములు నిలిచిపోయినను, క్రొత్త ప్రయోజనము దానిని బ్రదికించినది. నెల్లూరు తీరమున ఇట్టి ప్రయత్నము సాధ్యమా?

సాధ్యమే, కాని మార్గము వేరు. మధ్యయుగమున మన వర్తకశ్రేణులు తరచు దేవాలయ మండపములందే సమావేశమై, తమ కట్టుబాట్లను అక్కడి రాతిపైననే చెక్కించిరి. తెలుగుచోడుల కాలమున కృష్ణపట్నము పేరొందిన రేవు. దానికి ఉత్తరమున, మోటుపల్లిలో కాకతి గణపతిదేవుని అభయశాసనము (1244–45) కలదు. తుపానున చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు హరించుచుండగా, అతడు సుంకము మాత్రమే గ్రహించి తక్కినది విడిచిపెట్టెను. 1358లో అనపోతారెడ్డియు అచటి వర్తకులకు అభయమిచ్చెను.

పాల్మా భవనమును వర్తకము విడిచినది గనుకనే కళ అందు ప్రవేశింపగలిగెను. మన ఆలయములందు నేటికిని దీపము వెలుగుచున్నది. వానిని ఖాళీచేయించుట తగదు. కదలింపవలసినది మండపమును కాదు, శాసనపాఠమును. దాని ప్రతిరూపమును, సులభవ్యాఖ్యతో, తీరగ్రామముల పాఠశాలలందు నిలిపినచో బెస్తవాని బిడ్డయు తన రేవు చరిత్రను తానే చదువుకొనును. అంతకు మించిన ప్రదర్శనశాల ఏమి కలదు?