ముందు బుడిపెలు, తర్వాత బేరం

కొక్కెంతో లేసు అల్లడం నేర్చుకుందామని సన్నదారం పట్టి నేరుగా పువ్వుల డిజైన్‌తో మొదలెట్టడమే పొరపాటంటాను. కంకిపాడులో మా అరుగు మీద పొరుగింటి పిన్నిగారు నాకు చెప్పిన మొదటి మాట, "ముందు లావు ఊలు పట్టు, గరుకు అల్లిక వెయ్యి" అని. 21 గొలుసు కుట్లు వేసి, కొక్కెం నుంచి రెండో గొలుసులో ఒక పొట్టి కుట్టు, పక్కదాన్లో ఒక పొడుగు కుట్టు, అలా చివరిదాకా 20 కుట్లు. తిప్పి ఒక గొలుసు వేసి, పొడుగుదాని మీద పొట్టి, పొట్టిదాని మీద పొడుగు. ఇక ప్రతి వరుసా అదే. అల్లిక నిమ్మతొక్క మీది బుడిపెల్లా లేస్తుంది. దారం ఒకచోట బిగిసినా ఇంకోచోట వదులైనా ఆ గరుకు కప్పేస్తుంది, వరుస తప్పితే మాత్రం వెంటనే పట్టిస్తుంది. కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి గురువు ఎవరు? ఇంకో లాభమూ ఉంది. జానెడు ముక్కకే వేళ్లు పీకితే గానీ నర్సాపురం లేసు విలువ మనకి తలకెక్కదు. అక్కడి ఆడవాళ్ల కష్టాన్ని తీరిక వేళ కాలక్షేపంగా కొట్టిపారేసి చవగ్గా వాడుకున్న తీరుని సామాజికవేత్త మరియా మీస్ 1982లోనే పుస్తకంగా రాసింది. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ గుర్తింపు కాగితం కూలి పెంచదు, కొనేవాళ్ల ఇంగితం పెంచాలి. అందుకే ముందు నాలుగు వరుసలు అల్లి చూడండి. బేరమాడే నోరు దానంతటదే మూతపడుతుంది.