కలంకారీ అని రాసినంత మాత్రాన

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, వన్‌టౌన్ వస్త్రలతలోనో కలంకారీ కావాలని అడగండి, గుట్టలు పోస్తారు. లతలు, నెమళ్ళు, పూలచెట్లు, అన్నీ బందరు (మచిలీపట్నం) అచ్చుల్లో కనిపించే బొమ్మలే. కానీ వాటిలో చాలా బట్టలు ఈ అచ్చుపని జరిగే పెడన మొహం కూడా చూసి ఉండవండీ. మిల్లు బట్ట మీదో, పాలియెస్టర్ మీదో యంత్రం కొట్టిన ప్రింట్లవి. దీన్ని మనం కొనేవాళ్ళకి జరిగే చిన్న మోసంగా తీసిపారేస్తాం. అంతకంటే పెద్ద సంగతే ఉందంటాను నేను. బట్టల వ్యాపారం నీళ్ళని, నేలని పాడుచేస్తోందని ఒకపక్క బాధపడుతూ ఇంకోపక్క నకిలీని చూస్తూ ఊరుకుంటే ఆ బాధకి అర్థం లేదు. తక్కువ హాని చేసే పద్ధతిని గిట్టుబాటు కాకుండా చేస్తున్నది ఈ నకిలీయే మరి.

అసలు పని ఎలా సాగుతుందో చూడండి. గుడ్డని పేడనీళ్ళలో నానేసి, ఉతికి, ఎండలో తెల్లబరచాలి. కరక్కాయ రసంలో ముంచి ఆరబెట్టాలి. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళే నల్లరంగు. కరక్కాయ వగరు తగిలాకే అది నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట టేకు అచ్చుతో పటిక అద్ది, పారేనీళ్ళలో జాడించి, రంగునీళ్ళలో ఉడకబెట్టాలి. మళ్ళీ ఉతుకు, మళ్ళీ ఎండ. మబ్బు పడితే పని ఆగిపోతుంది. ఇన్ని రోజుల కూలీ కలిసిన బట్ట, గంటల్లో మీటర్లకు మీటర్లు తీసే యంత్రం బట్ట, రెండూ ఒకే పేరుతో ఒకే బల్ల మీదకొస్తే ధర ఎవరు నిర్ణయిస్తారు? చౌకగా చేసినవాడే. అప్పుడు పెడనలో అచ్చు పట్టినవాడికి రెండే దారులు: పని మానుకోవడం, లేదా తనూ స్క్రీన్ ప్రింటింగ్, రసాయనం రంగులు పట్టుకోవడం. ఆ రంగులో బట్టకి అంటకుండా మిగిలింది శుద్ధి చేయకపోతే డ్రైనులోకే పోతుంది. మన డెల్టాలో ఒక ఊరి మురుగు కింద ఊరి చేలకీ చెరువులకీ చేరకుండా ఎక్కడికి పోతుంది చెప్పండి?

కాపీ ఎప్పుడూ ఉన్నదేగా అంటారు. నిజమే. మన అద్దకాల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్ళీ 1721లో నిషేధాలు పెట్టాయి. తర్వాత అక్కడే అలాంటి బట్టలు అచ్చేసుకున్నారు. కానీ ఏం పోయిందో కూడా చూడాలి కదా. ఎర్రరంగునిచ్చే చిరివేరుకి పదిహేడో శతాబ్దంలో మన నిజాంపట్నం పెట్టింది పేరు. 1868లో జర్మనీలో అలిజరిన్ అనే ఎర్రరంగుని ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ చౌక ఎరుపు ముందు చిరివేరు నిలవలేకపోయింది.

"ఇప్పుడు పెడనలోనూ అలిజరిన్ పొడే వాడుతున్నారు, ఉతకడానికి బోలెడు నీళ్ళూ కావాలి, ఇక అసలుది మాత్రం ఏం శుద్ధం?" అని అడిగేవాళ్ళున్నారు. గట్టి ప్రశ్నే. మచ్చలేనిదని నేనూ అనను. అయితే నూలుబట్ట, కరక్కాయ, పటికలతో నడిచే పనినీ, పెట్రోలియం నుంచి తీసిన పోగు మీద రసాయనాలతో కొట్టిన ప్రింటునీ ఒకే గాట కట్టలేం. పాలియెస్టర్ ఉతికినప్పుడల్లా ప్లాస్టిక్ నూగు నీళ్ళలో కలుస్తుంది. ఇక పేదవాళ్ళ మాట. చౌక ప్రింటు కట్టుకోవద్దని ఎవరన్నారు? దాన్ని దాని పేరుతో అమ్మమనే అడుగుతున్నది. స్క్రీన్ మీద బతికే కుటుంబాల కూడూ దీంతో పోదు.

చట్టం లేక కాదండీ. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. 1999 చట్టం ప్రకారం ఆ పేరుని అక్రమంగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. కానీ సరుకు పట్టుకోవాలంటే డీఎస్పీ స్థాయి అధికారి కావాలి, అదీ ముందుగా రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకున్నాకే. ఆ రిజిస్ట్రీ ఉన్నది చెన్నైలో. ఈలోగా సరుకు అమ్ముడైపోతుంది. పైగా ఊరి పేరు వదిలేసి ఉత్త "కలంకారీ ప్రింట్" అని రాసుకుంటే కేసు నిలబెట్టడమే కష్టం. అందుకే కావాల్సింది దాడుల కంటే బిల్లు మీద రెండు మాటలు: చేతి అచ్చా స్క్రీనా అన్నది ఒకటి, నూలా పాలియెస్టరా అన్నది రెండోది. ఆ రెండూ రాయడం తప్పనిసరి చేస్తే, అబద్ధం రాసినవాణ్ణి పట్టుకోవడానికి చెన్నై దాకా పోనక్కర్లేదు, వినియోగదారుల కమిషన్ ముందు ఆ బిల్లే సాక్ష్యం.